కిన్షాసా సంతలో ఎండు గొంగళి పురుగులు: సపెల్లి చెట్టు మీద బతికే మాత్ గురించి తెలిసినవారు చెప్పండి

విభాగం: కీటకాలు, చెట్లు, అడవి

కిన్షాసా_లెక్కలు

అందరికీ నమస్కారం. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ఒక వ్యాపార సంస్థలో లెక్కలు రాసుకుంటూ బతుకుతున్నాను. ఇక్కడి గంబేలా సంతలో ఎండు చేపల వరుస దాటగానే గొంగళి పురుగుల వరుస వస్తుంది. పెద్ద పెద్ద పళ్లేలలో కుప్పలు పోసి, చిన్న రేకు డబ్బాతో కొలిచి అమ్ముతారు. లింగాలా భాషలో ఎంబింజో అంటారు. వేలెడంత పొడవు, నల్లగా కమిలిన ఒళ్లు, ముట్టుకుంటే చేతికి పొగ వాసన. మొదట్లో ఆ వరుసలోకి వెళ్లకుండా చుట్టు తిరిగి పోయేవాడిని. ఇప్పుడు అలవాటైపోయింది.

మొన్న అక్కడ కూరగాయలు కొంటుంటే ఒక అమ్మ మూడు కుప్పలు చూపించి, మూడూ వేర్వేరు జాతులని చెప్పింది. నా కళ్లకు మూడూ ఒకటే. వాటిలో ఒకదానికి ధర ఎక్కువ. ఎందుకమ్మా అంటే, ఇది సపెల్లి చెట్టుది, మంచి మాంసం ఉంటుంది అన్నది. మా ఆఫీసు తలుపులన్నీ సపెల్లి కలపతో చేసినవే. ఆ కలపకు ఇలాంటి చుట్టం ఒకటి ఉందని నాకు తెలియదు.

పెద్దయ్యాక ఇది ఏ మాత్ (సీతాకోకచిలుకను పోలిన, రాత్రిపూట ఎగిరే కీటకం) అవుతుంది? ఈ వేదికలో కీటకాల మీద పట్టున్న వారు ఉన్నారు కదా, కాస్త చెప్పండి. ఫోటో పెడదామంటే ఎండిపోయిన పురుగులో గుర్తుపట్టే ఆనవాళ్లేమీ మిగలలేదు.

సందేహాలరావు

భోజనం ముందు పెట్టుకుని చదివాను. ధన్యవాదాలు.

రెక్కలవేట

సపెల్లి చెట్టు మీద అని ఆమె చెప్పింది కాబట్టి చాలావరకు ఇంబ్రేసియా ఒయెమెన్సిస్ అయి ఉండాలి. ఎండు పురుగును చూసి జాతి తేల్చడం నిపుణులకే కష్టం. కానీ అక్కడి జనం పురుగును చెట్టును బట్టి గుర్తిస్తారు, ఆ పద్ధతి చాలా నమ్మదగినది. ఈ మాత్‌కు 1955లో రూజో అనే ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త పేరు పెట్టాడు. గాబన్ ఉత్తర భాగంలో ఒయెమ్ అనే పట్టణం ఉంది, పేరు దాని మీదుగా వచ్చింది. గాబన్, కామెరూన్, మధ్య ఆఫ్రికా గణతంత్రం, రెండు కాంగో దేశాల వర్షారణ్యాలు దీని ఇల్లు. పడమర వైపు కోట్ దివార్‌లో కూడా దొరుకుతుంది, అక్కడ దీని పోషక విలువల మీద పరిశోధనలు జరిగాయి.

కుటుంబం సాటర్నిడే. అంటే మన దసలి పట్టుపురుగుకు దాయాది. పెద్ద మాత్, అరచేతిని నింపేంత. గోధుమ, ఇటుక రంగు ఛాయల రెక్కలు, వెనుక రెక్కల మీద కన్నులాంటి గుర్తు. కాకులూ కోతులూ కాస్త జంకడానికి ఆ కన్ను పనికొస్తుందని అంటారు.

ఈ కుటుంబంలో విచిత్రం ఏమిటంటే రెక్కలొచ్చాక మాత్ ఏమీ తినదు. నోటి భాగాలు పనికిరాకుండా కుంచించుకుపోయి ఉంటాయి. గొంగళి పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే వారం అటూ ఇటూ బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి పోతుంది. ఆడమాత్ ఒకచోట కూర్చుని వాసన వదులుతుంది. మగదానికి ఈకల్లాంటి మీసాలు ఉంటాయి, చీకట్లో ఆ వాసనను పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. అంటే తిండి బాధ్యత అంతా పురుగు దశదే. జీవితానికి సరిపడా తిన్న ఆ పురుగు, నేలకు దిగే ముందు రోజుల్లో కొవ్వూ మాంసకృత్తులతో నిండుగా ఉంటుంది. మనుషులు పట్టేది సరిగ్గా అప్పుడే. సంతలో ఆ అమ్మ చెప్పిన "మంచి మాంసం" వెనుక సంగతి ఇదే.

మద్దిచెట్టు

దసలి మాట వచ్చింది కాబట్టి నేనూ రెండు ముక్కలు. మహదేవపూర్ వైపు అడవుల్లో మద్దిచెట్ల మీద దసలి పెంపకం చూసే పనిలో చాలాకాలం ఉన్నాను. మా పురుగు తెల్లమద్ది, నల్లమద్ది ఆకు తిని చెట్టు కొమ్మకే కాయ కడుతుంది. విత్తనానికి ఎంచిన కాయలను దండలుగా గుచ్చి గదిలో వేలాడదీస్తాం. సాయంత్రం చీకటి పడుతుండగా కాయ ఒక కొస తడిసినట్టు అవుతుంది. లోపలి మాత్, మేము చిలుక అంటాం, నోటి నుంచి ఒక ద్రవం వదిలి దారాన్ని మెత్తబరుస్తుంది, ముందు కాళ్లతో సందు చేసుకుని తల బయటపెడుతుంది. ఒళ్లంతా తడి, రెక్కలు నలిగిన గుడ్డముక్కల్లా ఉంటాయి. అదే దండను పట్టుకుని పైకి పాకి వేలాడితే మెల్లగా రెక్కల్లోకి నీరు ఎక్కి విచ్చుకుంటాయి. పొద్దుపోయాక మగవి ఎగరడం మొదలుపెడితే ఆ గదిలో రెక్కల చప్పుడుకు మాట వినపడదు.

రెక్కలవేట గారూ, ఆ కాంగో పురుగు కాయ కడుతుందా? దారం వస్తుందా?

రెక్కలవేట

కాయ కట్టదండీ. ఇంబ్రేసియా వర్గం పురుగులు నేలలోకి దూరి, మట్టిలో చిన్న గది చేసుకుని అక్కడే ప్యూపా అవుతాయి. పట్టు లేదు. కాబట్టి ఆ దేశాల్లో దీని విలువ అంతా తిండిగానే.

నేలకు దిగడమే మనుషులకు కలిసొచ్చిన సంగతి. సపెల్లి సామాన్యమైన చెట్టు కాదు. అడవి పైకప్పును చీల్చుకుని 45 నుంచి 60 మీటర్ల దాకా పోతుంది, మొదటి కొమ్మ ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. దాన్ని ఎక్కి పురుగులు కోయడం అయ్యే పని కాదు. పురుగులే దిగిరావాలి. పైన ఉన్నాయో లేవో కింద నుంచే తెలుస్తుంది: చెట్టు మొదట్లో ఆకుల మీద పెంటికలు రాలి ఉంటాయి. తాజాగా ఉన్నాయా, ఎండినవా, ఎంత లావున్నాయి అనేది చూసి పురుగు వయసు అంచనా కట్టి, ఎప్పుడు దిగుతాయో లెక్క వేసుకుంటారు. దిగే రోజుల్లో ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్టు చుట్టూ చేరి, మాను మీంచి పాకుతూ వచ్చేవాటిని, నేల మీద పడ్డవాటిని ఏరుకుంటారు.

మధ్య ఆఫ్రికా గణతంత్రంలో లోబాయే ప్రాంతం దీనికి పేరుపొందింది. అకా అనే అడవి జనం, ఎన్‌బాకా రైతులు ఆ కాలానికి ఊళ్లు వదిలి అడవిలో మకాం వేస్తారు. అక్కడి సాంగో భాషలో మకోంగో అంటారు. సుమారుగా జూలై నుంచి అక్టోబరు దాకా, వానలు గట్టిగా పడే రోజులు. వేటకు ఇబ్బందిగా ఉండే కాలం కూడా అదే. మాంసం తగ్గిన చోట పురుగు ఆదుకుంటుంది.

హిందూపురం_రైతు

మేము మల్బరీ మనుషులం. చాకీ పురుగులు (పసి పట్టుపురుగులు) తెచ్చుకుని, జ్వరాలు (పొర విడిచే దశలు) దాటించి, కాయ కట్టే చంద్రికల మీదికి ఎక్కించేదాకా పసిబిడ్డను సాకినట్టు సాకుతాం. ఇక్కడ అన్నీ చదువుతుంటే ఒక ప్రశ్న వచ్చింది. అడవిలో దానంతట అది పెరిగే పురుగుకు ఇంత గిరాకీ ఉంటే ఇంట్లో పెంచుకోవచ్చు కదా? ఆకు కోసి వేస్తే తినదా?

బ్రస్సెల్స్_బాబు

గిరాకీ సంగతి నిజమే. ఇక్కడ బ్రస్సెల్స్‌లో మతోంగే అని కాంగో వాళ్ల పేట ఉంది, కిన్షాసాలోని పేట పేరే దీనికీ పెట్టుకున్నారు. మా ఇంటికి దగ్గరే. అక్కడి కొట్లలో అరటికాయలు, కర్రపెండలం పిండి, ఎండు చేపలతో పాటు ఈ పురుగులు కూడా సంచుల్లో వేలాడుతుంటాయి. ధర చూస్తే మన ఎండు రొయ్యలు చవక అనిపిస్తుంది. మా ఆఫీసులో ఒక కాంగో పెద్దాయన ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే మొదట అడిగేది వీటినే. మనవాళ్లు గోంగూర పచ్చడి అడగరా, అలాగన్నమాట.

సందేహాలరావు

ఈ విషయంలో నాకు రెండు అనుమానాలు. ఒకటి, "పురుగులే రేపటి ఆహారం" అని పదేళ్లుగా పత్రికలు ఊదరగొడుతున్నాయి. 200 కోట్ల మంది పురుగులు తింటున్నారని రాశారు. ఎవరు లెక్కపెట్టారు? రెండు, ఇది గత్యంతరం లేని పేదల తిండి. దాన్ని మనం ఇక్కడ కూర్చుని ఆహా ఓహో అనడం ఏమంత బాగుంది?

వంటింటి_వైద్యం

మొదటి అనుమానానికి: 2013లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తినదగిన కీటకాల మీద పెద్ద నివేదిక ఇచ్చింది. 1,900కు పైగా జాతులు తింటున్నారన్నది, 200 కోట్ల మంది అన్నది ఆ నివేదికలోవే. జాతుల లెక్క గట్టిది. మనుషుల లెక్క ఎక్కువ చేసి చెప్పినదని తర్వాత పరిశోధకులే అన్నారు. అక్కడి వరకు మీ అనుమానం సరైనదే. కానీ కిన్షాసాలో సగటు కుటుంబం వారానికి సుమారు 300 గ్రాముల పురుగులు తింటుందని కూడా అదే నివేదికలో ఉంది. మధ్య ఆఫ్రికా మేరకు ఇది రేపటి ఆహారమేమీ కాదు, నిన్నటిదీ ఇవాళ్టిదీ.

రెండవదానికి: పేదల తిండి అయితే మాంసం కన్నా ఖరీదుగా ఎందుకు అమ్ముడవుతుంది? బ్రస్సెల్స్ బాబు గారు చెప్పిన పెద్దాయన పేదరికం వల్ల తింటున్నాడా? మన దగ్గర తొలకరి తర్వాత దీపాల చుట్టూ మూగే ఉసిళ్లను పట్టి, రెక్కలు చెరిగి, బియ్యంతో పాటు వేయించుకు తినే ఊళ్లు తెలంగాణలో, రాయలసీమలో ఇప్పటికీ ఉన్నాయి. మా అమ్మమ్మ ఇంట్లో ఉసిళ్ల కోసం పిల్లలు కొట్టుకునేవారు. అది కరువు తిండి కాదు, ఏడాదికి ఒకసారి దొరికే రుచి.

పోషకాల సంగతి. ఎండబెట్టిన పురుగు బరువులో సగం, అంతకు పైగా మాంసకృత్తులే. కొవ్వు బాగానే ఉంటుంది. ఇనుము, జింకు కూడా. కర్రపెండలం పిండి ముద్ద మీద బతికే చోట ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ దుంపలో పిండి పదార్థం తప్ప మాంసకృత్తులు లేవనే అనాలి.

బ్రస్సెల్స్_బాబు

వైద్యం గారూ, వీటితో ప్రమాదమేమీ లేదా? మా ఆవిడకు రొయ్యలు పడవు. ఆ పెద్దాయన ఇంటికి భోజనానికి పిలిచారు.

వంటింటి_వైద్యం

రొయ్యలు పడనివారు పురుగుల జోలికి పోకపోవడం మంచిది. రొయ్య కండరంలో ఎలర్జీకి కారణమయ్యే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి కీటకాల్లో కూడా దాదాపు అదే రూపంలో ఉంటుంది. మొహమాటానికి పోయి తినవద్దు, ముందే చెప్పేయండి.

జాతిని బట్టి కూడా జాగ్రత్త కావాలి. నైజీరియా నైరుతి ప్రాంతంలో అనాఫే వెనాటా అనే మరో మాత్ పురుగును తింటారు. దాని ప్యూపాలో థయమిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, ధ్వంసం చేసే ఎంజైము ఉంది. అసలే ఆ విటమిన్ తక్కువగా ఉన్న తిండి తినేవారు వానాకాలంలో వీటిని ఎక్కువగా తింటే కాళ్లు తడబడటం, వణుకు, మైకం వస్తాయి. అక్కడి వైద్యులు దీన్ని ఏటా చూసి కారణం పట్టుకున్నారు. థయమిన్ ఇస్తే కోలుకుంటారు. సపెల్లి పురుగుకు ఆ పేరు లేదు, అది వేరే కుటుంబం. అయినా "పురుగులు ఆరోగ్యానికి మంచివి" అని గంపగుత్తగా అనేవారిని చూస్తే నాకు చిరాకు. చెట్టు చెట్టుకూ ఆకు వేరు, పురుగు పురుగుకూ ఒళ్లు వేరు.

కిన్షాసా_లెక్కలు

వండే తీరు కూడా చెబుతాను, సంతలో అడిగి తెలుసుకున్నది. పట్టిన వెంటనే వేళ్లతో నొక్కి పేగులోని ఆకు పసరు బయటకు తీస్తారు. అది ఉంటే చేదు. తర్వాత కడిగి ఉప్పు నీళ్లలో ఉడికించి, ఎండలోనో పొగ మీదనో ఎండబెడతారు. వానాకాలం కాబట్టి అడవిలో పొగే దిక్కు. అందుకే ఆ నలుపు, ఆ వాసన. ఇంటికి తెచ్చాక గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి ఫుఫు అనే పిండి ముద్దతోనో, కర్రపెండలం పిండిని ఆకులో చుట్టి ఆవిరికి ఉడికించిన షిక్వాంగ్‌తోనో తింటారు. వేరుశనగ ముద్ద వేసి పులుసులా చేసేవారూ ఉన్నారు.

నేను తిన్నాను. పైన కరకర, లోపల మెత్తన. పొగలో ఎండిన చేప రుచికి దగ్గర, కానీ నీచు వాసన లేదు. రెండోసారి అడిగి వేయించుకున్నానని మా ఇంట్లో ఎవరికీ చెప్పకండి.

రెక్కలవేట

హిందూపురం రైతు గారి ప్రశ్న మిగిలిపోయింది. పెంచుకోవచ్చా అంటే, సులువు కాదు.

మల్బరీ పట్టుపురుగు వేల ఏళ్లుగా మనిషి చేతిలో పెరిగి, సరిగా ఎగరలేని స్థితికి వచ్చింది. చిలుక గదిలోనే జతకడుతుంది, అట్ట మీదే గుడ్లు పెడుతుంది. దసలి అలా లొంగలేదు. మద్దిచెట్టు గారికి తెలుసు, దాన్ని ఈనాటికీ బయట చెట్ల మీదే వదిలి పెంచాలి. ఒయెమెన్సిస్ ఇంకా అడవిది. చిన్నప్పుడు గుంపుగా బతకడం దాని లక్షణం, ఆ గుంపు చెదిరితే బతకడం కష్టం. మట్టిలో ప్యూపాగా నెలల తరబడి ఉండి, ఏడాదికి ఒకసారి, వానలకు అనుగుణంగా బయటికి వస్తుంది. ఆ మట్టిలో తేమ, వేడి ఏమాత్రం అటూ ఇటూ అయినా బూజు పడుతుంది. ఇక ఆకు. సపెల్లి మొక్క నాటి ఆకు కోసేంత పెరగడానికి ఓపిక కావాలి. దానికి తోడు పురుగును తినే కందిరీగలు, పరాన్నజీవి ఈగలు, రోగాలు.

దీనికన్నా పొట్టి చెట్ల మీద, తొందరగా పెరిగే మొక్కల మీద బతికే మాత్ జాతులు కొన్ని ఉన్నాయి. పెంపకం ప్రయత్నాలకు అవే అనువు.

మద్దిచెట్టు

నిజం. మా దగ్గర కూడా పురుగును చెట్టెక్కించిన నాటి నుంచి రైతు అడవిలోనే కాపలా. పిట్టలు, కందిరీగలు, చీమలు, అన్నీ దాని మీదే కన్నేస్తాయి. ఒడిసెల పట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరుస్తూ తిరగాలి. ఒక చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి పక్క చెట్టుకు తగిలించాలి. మద్దిని నరికి గుబురుగా, చేతికందే ఎత్తులో ఉంచుకుంటాం కాబట్టి సాగుతుంది. 50 మీటర్ల చెట్టు మీద ఎవరు కాపలా కాస్తారు?

కలపకొట్టు

రాజమండ్రి నుంచి. దిగుమతి కలప వ్యాపారం మాది. ఇంతసేపూ చదివాను కానీ సపెల్లిని పురుగుల చెట్టని పిలుస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను. సపెల్లి అంటే ప్రపంచానికి కలప. మహాగనికి దగ్గరి రంగు, దుంగను నాలుగు పాయలుగా చీల్చి కోస్తే పట్టీలు పట్టీలుగా మెరుపు. తలుపులు, వెనీర్, ఫర్నిచర్, పడవలు, గిటార్ల వెనుక పలకలు కూడా దీనితోనే చేస్తారు. ఒక్క మానులో ఎన్ని ఘనపు మీటర్లు వస్తాయో చూస్తే పురుగుల ఆదాయం ఏ మూలకు?

పైగా అక్కడి జనం పురుగుల కోసం చెట్లే నరికేస్తున్నారని నేనూ చదివాను. నేరం అంతా కలప వ్యాపారి మీదకు తోసేయకండి.

రెక్కలవేట

నరుకుతున్న మాట నిజమే, కొన్ని చోట్ల కొమ్మలు, కొన్ని చోట్ల చెట్టునే. ముఖ్యంగా చిన్న చెట్ల మీద బతికే జాతుల కోసం. కానీ ఆరేడు అడుగుల వ్యాసం ఉన్న సపెల్లిని గొడ్డలితో పడగొట్టి పురుగులు ఏరుకునేంత తీరిక ఎవరికీ ఉండదు. దాన్ని పడగొట్టేది రంపపు యంత్రం.

ఆదాయం లెక్క వేరే విధంగా చూడండి. చెట్టు కొడితే డబ్బు ఒక్కసారే, వెళ్లేది కూడా కన్సెషన్ (ప్రభుత్వం కలప కోతకు ఇచ్చిన అడవి భాగం) ఉన్న కంపెనీకి, ప్రభుత్వానికి, మీకూ. చెట్టు నిలబడి ఉంటే పురుగు ఏటా దిగుతుంది, ఏరుకునేది ఆ ఊరి ఆడవాళ్లు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్న సామెత గుర్తుకొస్తోంది, కోపగించుకోకండి.

అసలు చిక్కు మరొకటి ఉంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో సపెల్లిని కొట్టాలంటే మాను వ్యాసం కనీసం 80 సెంటీమీటర్లు ఉండాలి. ఇది అడవిని కాపాడే నియమమే. కానీ 80 దాటిన చెట్లంటే పైకప్పును దాటిపోయి, పెద్ద పందిరి పరిచినవి. ఎక్కువ ఆకు వాటిదే, ఎక్కువ పురుగూ వాటిమీదే. అంటే కలపకు పనికొచ్చే చెట్టూ తిండికి పనికొచ్చే చెట్టూ ఒకటే. ఆ దేశంలోని కిసంగాని నగరం చుట్టుపక్కల కలప కన్సెషన్లలో సపెల్లి మీద ఒయెమెన్సిస్‌ను, తాలి చెట్టు మీద సిరీనా ఫోర్డా అనే మరో మాత్‌ను తీసుకుని, చెట్లు కొట్టాక పురుగులు ఏ మేరకు మిగులుతాయని పరిశీలించారు. 2018లో ఆ అధ్యయనం ప్రచురితమైంది. ఊళ్లకు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న చెట్లు ఎన్ని మిగిలాయన్నదే అక్కడ ముఖ్యమైన ప్రశ్న. 30 కిలోమీటర్ల అవతల చెట్లు చక్కగా ఉన్నాయంటే, బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి ఒరిగేది ఏమీ లేదు.

ఇక తిరిగి పెరగడం. అడవిలో సపెల్లి మాను ఏడాదికి అర సెంటీమీటరు లావెక్కడమే గొప్ప. ఒకసారి కొట్టిన చోటికి కంపెనీ మళ్లీ వచ్చేది 25, 30 ఏళ్లకు. ఆ లోపు 60 సెంటీమీటర్ల చెట్టు 75 దాకా వస్తే అదృష్టం. లెక్క మీరే వేసుకోండి, ఈ వేదికలో లెక్కలు రాసేవారే మొదలుపెట్టారు కదా.

ప్రకృతి పరిరక్షణకు సంబంధించిన ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో సపెల్లిని 1998లో ముప్పుకు లోనయ్యే జాతిగా చేర్చారు.

సందేహాలరావు

మరి పురుగును జనం మొత్తం ఏరేస్తే మాత్ ఎక్కడి నుంచి వస్తుంది? కలప వాళ్లను తిడుతున్నారు సరే, ఏటా బుట్టలకొద్దీ తీసుకుపోయే వాళ్ల మాటేమిటి?

రెక్కలవేట

మంచి ప్రశ్న. 50 మీటర్ల చెట్టు మీద ఉన్నవన్నీ చేతికి దొరకవు. రాత్రిపూట దిగేవి, దూరంగా పడేవి, పొదల్లో దూరేవి మిగులుతాయి. అడవి లోపల మనుషులు పోని చోట చెట్లుంటాయి. అయినా సంతకు అమ్మకం పెరిగిన కొద్దీ ఒత్తిడి పెరుగుతోంది, కాదనను.

కట్టుబాట్లు ఉన్న చోట ఫలితం కనిపిస్తుంది. ఉత్తర జాంబియాలో ఎంపికా జిల్లా కోపా ప్రాంతం ఉంది, అది వర్షారణ్యం కాదు, మియోంబో అనే పొడి అడవి. అక్కడ పెద్దలు పురుగు గుడ్ల నుంచి మొదలుపెట్టి ఎదుగుదలను గమనిస్తూ, ఫలానా రోజు నుంచే పట్టాలి, ఫలానా రోజుతో ఆపాలి అని నిర్ణయించేవారు. ఆ పద్ధతిని పరిశోధకులు 2002లో రాసి పెట్టారు. మనకు కూడా చెరువు చేపలు పట్టే రోజు ఊరు ఊరంతా కలిసి నిర్ణయించుకునే అలవాటు ఉండేది.

కలపకొట్టు

సరే, చెట్లు కొట్టొద్దంటే ఆ దేశాలు ఏం తిని బతకాలి? పురుగులు తినా? సలహా ఇవ్వడం సులువు.

రెక్కలవేట

కొట్టొద్దని నేను అనలేదు. ఏ చెట్టు కొట్టాలో కొట్టేముందు ఆ చెట్టుతో పని ఉన్నవారిని అడగమంటున్నాను. అది జరగని పని కూడా కాదు. పక్క దేశం కాంగో గణతంత్రం ఉత్తరాన, పోకోలా వైపు, 2000ల మధ్యలో ఒక ప్రయత్నం జరిగింది. అక్కడి ఎంబెన్‌జెలే అడవి జనం చాలామందికి చదువు రాదు. వారి కోసం జెరోమ్ లూయిస్ అనే లండన్ మానవ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి చేతిలో పట్టుకునే జీపీఎస్ యంత్రం మీద అక్షరాలకు బదులు బొమ్మలు పెట్టారు. సమాధికి ఒక బొమ్మ, మందు చెట్టుకు ఒకటి, గొంగళి పురుగుల చెట్టుకు ఒకటి. చెట్టు దగ్గర నిలబడి బొమ్మను నొక్కితే ఆ స్థానం పటంలోకి ఎక్కుతుంది, కంపెనీ ఆ చెట్టును వదిలేయాలి. అక్కడి ఒక కన్సెషన్‌కు 2006లో ఎఫ్‌ఎస్‌సీ ధ్రువీకరణ, అంటే అడవిని బాధ్యతగా వాడుతున్నారనే ముద్ర, వచ్చింది. ఆ ధ్రువీకరణకు స్థానికుల హక్కులు గుర్తించడం ఒక షరతు.

పురుగు బొమ్మ నొక్కిన చెట్లలో ఎక్కువ సపెల్లి అని వేరే చెప్పాలా?

వంటింటి_వైద్యం

సపెల్లి మన వేప కుటుంబమే కదా, మెలియేసి? మన సోమిద చెట్టు కూడా అందులోదే. సోమిద బెరడు కషాయం జ్వరానికి మన పల్లెల్లో ఇచ్చేవారు. సపెల్లి బెరడును కూడా అక్కడి అడవి జనం జ్వరాలకు, తలనొప్పికి వాడతారని చదివాను. పురుగు పోతే తిండి ఒక్కటే పోతుంది, చెట్టు పోతే మందుల పెట్టె కూడా పోతుంది.

మద్దిచెట్టు

ఇక్కడ కూడా మద్దిచెట్లు తగ్గిపోయాక దసలి రైతులు ఎంత అవస్థ పడ్డారో చూశాను. పోడు కోసం నరికిన చోట చెట్టు పోయింది, పురుగు పోయింది. ప్రభుత్వం వారు మళ్లీ మద్ది నాటించారు, అది చేతికందే ఎత్తుకు కొన్నేళ్లలో వస్తుంది. సపెల్లి అలా కాదని పైన లెక్క చూశాక అర్థమైంది.

నిర్వాహకుడు

కలపకొట్టు గారు, సందేహాలరావు గారు: వేడిగా మాట్లాడుకున్నా హద్దులో ఉన్నారు, సంతోషం. తిండి మీద ఎగతాళి వ్యాఖ్యలు రెండు తీసివేశాను.

కలపకొట్టు

మా దగ్గరికి వచ్చేసరికి అది దుంగ కూడా కాదు, గుజరాత్‌లోని కాండ్లా రేవు నుంచి వచ్చే పలక. ఏ చెట్టుదో, ఎవరి ఊరిదో ఎవరికి తెలుసు? ధ్రువీకరణ ఉన్న సరుకు అడిగితే ధర పెరుగుతుంది, కొనేవాడు ఒప్పుకోడు. ఇంటి యజమానికి తలుపు మెరవాలి, అంతే. ఇంత చెప్పారు కాబట్టి వచ్చే సరుకుకు కాగితాలు అడిగి చూస్తాను. దొరికితే ఇక్కడ రాస్తాను. మాట మాత్రం ఇవ్వను.

రెక్కలవేట

కాగితాల్లో కన్సెషన్ పేరు, గొలుసు ధ్రువీకరణ (అడవి నుంచి కొట్టు దాకా కలప చేతులు మారిన వరుసకు ఇచ్చేది) సంఖ్య రెండూ ఉండాలని అడగండి. ఎఫ్‌ఎస్‌సీ అనే ముద్ర ఒక్కటే ఉంటే చాలదు, ఆ సంఖ్యను వాళ్ల వెబ్‌సైటులో వెతికితే అమలులో ఉందో రద్దయిందో కనిపిస్తుంది.

కిన్షాసా_లెక్కలు

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆ అమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లి, సరుకు ఎక్కడి నుంచి వస్తుందని అడిగాను. కొంత నది మీద పడవల్లో ఈ దేశంలోనే ఉన్న ఈక్వెటర్ ప్రాంతం వైపు నుంచి, కొంత లారీల్లో వస్తుందట. రెండు మూడు నెలలు నిల్వ ఉంటే చర్మాలను తినే చిన్న నల్ల పెంకు పురుగులు పడతాయి. నేను చూస్తుండగానే పళ్లెం అంచున పొడి రాలి ఉంటే చేటతో చెరిగి, బాగున్నవి ఏరి మళ్లీ పొగకు పెట్టడానికి పక్కన పోసింది. పురుగును పురుగు తింటోందని నవ్వింది.

ఒక ప్రశ్న: ఇంటికి తేవాలంటే ఆ పెంకు పురుగులు పడకుండా ఎలా నిల్వ చేయాలి? మా తమ్ముడు రుచి చూస్తానని పట్టుబడుతున్నాడు.

వంటింటి_వైద్యం

గాలి చొరబడని డబ్బాలో వేసి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లూ పిల్లలూ చస్తాయి. తర్వాత బాగా ఎండబెట్టి మూత గట్టిగా పెట్టండి. వండేముందు బూజు వాసన వస్తే మాత్రం జాలిపడకుండా పారేయండి. దేశంలోకి తెచ్చే ముందు విమానాశ్రయంలో జంతు సంబంధ ఆహారం మీద ఉన్న నిబంధనలు కూడా చూసుకోండి, లేకపోతే మీ తమ్ముడి వాటా అధికారుల చెత్తబుట్టలోకి పోతుంది.

హిందూపురం_రైతు

ఫ్రీజర్ ఎందుకండీ, మా ఊళ్లో అయితే పట్టుకాయలు ఆరబెట్టే వేడిగాలి గది ఉంది. మీ తమ్ముడిని పంపండి.